ఉప్పు ప్యాకెట్ మీద తెలుగు ఏదీ?

తెలంగాణ ఆహార భద్రత కమిషనర్ గారికి,

గచ్చిబౌలి సూపర్ మార్కెట్లలో కల్లుప్పు, పింక్ సాల్ట్, లో సోడియం ఉప్పు బారులు తీరాయి. కొన్ని మామూలు ఉప్పు ప్యాకెట్ల వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఐఎన్‌ఎస్ 536’ అని ఉంటుంది. అంటే గడ్డకట్టకుండా కలిపే పొటాషియం ఫెర్రోసయనైడ్. కిలోకు 10 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉంది, ఆ మోతాదులో హాని లేదు. అది చెప్పే నాథుడు లేక, ‘సయనైడ్’ పేరు వినగానే జనం హడలిపోతున్నారు. ఆ భయంతో అయోడిన్ లేని ఉప్పుకు మారితే గాయిటర్ ముప్పు. పొటాషియం ఉండే లో సోడియం ఉప్పు కిడ్నీ రోగులకు ప్రమాదం.

ఏం కలిపారో, అయోడిన్ ఉందో లేదో ప్యాకెట్ ముందువైపే తెలుగులో రాయించేలా భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ)కు సిఫారసు చేయండి. ‘సహజం’ అని అమ్మే ఉప్పుల నమూనాలు పరీక్షించి, ఫలితాలు బయటపెట్టండి.

ఇట్లు,
గచ్చిబౌలి వినియోగదారు