తెమడ డబ్బా ఎక్కడ ఆగుతోంది?

2025 నాటికి క్షయను అంతం చేస్తామని మన దేశం పెట్టుకున్న గడువు దాటిపోయింది. ప్రపంచంలో ఏటా క్షయ బారిన పడేవారిలో సుమారు నాలుగో వంతు ఇప్పటికీ భారతీయులే. ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం, సరిగ్గా వాడితే నయమయ్యే జబ్బు. అయినా ఇంతమంది ఎందుకు పోతున్నారు? జబ్బు ఆలస్యంగా బయటపడటం ఒక పెద్ద కారణం.

1882లో రాబర్ట్ కోచ్ క్షయ క్రిమిని చూపించాక, తెమడను గాజు పలక మీద పూసి మైక్రోస్కోపులో చూడటమే వందేళ్లకు పైగా మనకు దిక్కయింది. చౌకైన పరీక్షే, కాదనలేం. కానీ ఒక మిల్లీలీటరు తెమడలో వేల క్రిములుంటే తప్ప అది పట్టుకోలేదు. హెచ్ఐవీ ఉన్నవారి తెమడలో క్రిములు తక్కువ. చీటీలో ‘నెగటివ్’ అని వస్తుంది, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు, దగ్గు మాత్రం అదే గదిలో కొనసాగుతుంది. పైగా ఆ క్రిమి మందుకు లొంగుతుందో లేదో మైక్రోస్కోపు చెప్పలేదు.

మాలిక్యులర్ పరీక్ష క్రిమి జన్యుపదార్థాన్నే వెతుకుతుంది. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన జీన్‌ఎక్స్‌పర్ట్, మన ఆసుపత్రుల్లో సీబీనాట్ అనేది ఇదే, సుమారు రెండు గంటల్లో క్షయనూ, రిఫాంపిసిన్‌కు లొంగని రకాన్నీ పసిగడుతుంది. అయితే దానికి ఏసీ గది, ఆగని కరెంటు కావాలి. గోవాలో తయారయ్యే ట్రూనాట్ బ్యాటరీతో నడుస్తుంది. 2020లో దానికీ ఆ సంస్థ సిఫారసు దొరికింది. మండల కేంద్రం దాకా వెళ్లగల యంత్రం అది.

మరి అడ్డంకి ఎక్కడ? 2023లో ప్రపంచవ్యాప్తంగా కొత్తగా గుర్తించిన రోగుల్లో మొదటే ఈ పరీక్ష అందింది 48 శాతం మందికే. యంత్రం కొనడం తేలిక, రిబ్బను కత్తిరించి ఫోటో దిగవచ్చు. దానికి వేసే చిప్పులు, కాట్రిడ్జ్‌లు నెలనెలా రావాలి, టెక్నీషియన్ ఉండాలి, ఊళ్లో తీసిన తెమడ డబ్బా చెడకముందే ల్యాబుకు చేరాలి. వీటిలో ఏది తప్పినా రోగి మళ్లీ గాజు పలక దగ్గరికే వస్తాడు.

పరీక్షకూ పరిమితులున్నాయి. మామూలు కాట్రిడ్జ్ రిఫాంపిసిన్ సంగతే చెబుతుంది. ఐసోనియజిడ్‌కు లొంగని క్రిమిని వేరే పరీక్షతో చూడాలి. చిన్నపిల్లలు తెమడను మింగేస్తారు, అందుకే వారి మలాన్ని కూడా జీన్‌ఎక్స్‌పర్ట్‌లో పరీక్షించవచ్చు. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మిషనులు కలిసి క్షయ శానిటోరియం తెరిచినప్పుడు ఈ జబ్బుకు మందే లేదు. విశ్రాంతి, మంచి తిండి, స్వచ్ఛమైన గాలి, అంతే. ఇప్పుడు మందుంది, పరీక్షా ఉంది. రెండు వారాలకు మించి దగ్గుతున్నవారు మన సంఘాల్లో లేరా? నలుగురూ ఏమంటారోనని దాచుకునేవారు మరీ ఎక్కువ. వారితో ఎవరైనా తోడు వెళ్లి, “ఇది స్లైడ్ పరీక్షా, నాట్ పరీక్షా?” అని అడగాలి. స్లైడ్ నెగటివ్ వచ్చి దగ్గు తగ్గకపోతే నాట్ చేయమని పట్టుబట్టాలి.

ప్రభుత్వాలను అడగాల్సిందీ ఒకటుంది. ఎన్ని యంత్రాలు పెట్టారో కాదు, గత ఏడాది ఏ జిల్లాలో ఎన్ని రోజులు చిప్పులు, కాట్రిడ్జ్‌లు లేక అవి ఖాళీగా కూర్చున్నాయో ప్రకటించాలి.