లెక్క ఎక్కించుటకు ముందు సభ్యులు చూడవలయును

మన సంఘముల ఖాతా పుస్తకములు కంప్యూటరున కెక్కుచున్న కాలమిది. 2022వ సంవత్సరము జూన్ నెలలో కేంద్ర మంత్రివర్గము దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు ఈ యేర్పాటు చేయుటకై 2,516 కోట్ల రూపాయల పథకమును అంగీకరించినది. పని మంచిదే. అయితే పాత పట్టికలోని అంకె క్రొత్త పట్టిక చేరులోపల త్రోవలో ఏమగుచున్నదో సభ్యు లెవరైనను చూచుచున్నారా?

ఒకచోటి లెక్కలను తీసి, సవరించి, మరియొకచోట చేర్చు సాధనములు నేడు పెక్కు గలవు. చెరువునుండి మడికి నీరు పారించు కాలువవంటి వవి. వానిలో ప్రతి మెట్టునందును లెక్క యెట్లు మారినదో పట్టికగాను పటముగాను ముందుగా చూచు వీలున్నది. వీలున్నదిగాని చూచువారు తక్కువ. గట్టు తిరిగి చూడక తూ మెత్తు రైతును మనమేమందుము?

తెలంగాణమున భూమిని ఎకరములు, గుంటలుగా వ్రాయుట వాడుక. 40 గుంటలు ఒక ఎకరము. 2 ఎకరముల 30 గుంటలను గుమాస్తా 2.30 అని వ్రాయును. యంత్రము దానిని దశాంశముగా చదివినచో అది 2 ఎకరముల 12 గుంట లగును. 18 గుంటలు ఎగిరిపోవును. ఎకరమునకు ఇంత యని యిచ్చు పంట ఋణము ఆ మేరకు తగ్గును. 2 ఎకరముల 5 గుంటలను 2.5 అని వ్రాసినవానికి మాత్రము 15 గుంటలు కలిసివచ్చును. అతడు ఫిర్యాదు చేయునా? ఆంధ్రమున సెంట్ల లెక్క గనుక 2.30 వంటి చోట ఈ చిక్కు లేదు.

పట్టికలో 2.30 అనునది నిర్దోషముగనే కనబడును. చుక్క తరువాతి రెండంకెలను మాత్రము తీసి కడ్డీల పటము గీయించినచో గుట్టు బయటపడును. 00 మొదలు 39 వరకు కడ్డీలు నిలిచి, ఆ పైన బయలుగా నున్నచో అవి గుంటలే. ఆ బయలులో 50, 60, 70ల యొద్ద ఒంటికడ్డీలు లేచినచో అవి అయిదు, ఆరు, ఏడు గుంటలై యుండునని అనుమానింపవలయును. ఆన్‌స్కోంబ్ అను గణాంక శాస్త్రజ్ఞుడు 1973లో, పదునొకండేసి జతల అంకెలు గల నాలుగు పట్టికలను చూపెను. సరాసరులు నాలుగింటను దాదాపు ఒక్కటే. పటము గీయగా నాలుగును నాలుగు రూపములు. మొత్తము సరిపోయినది గదా యని సంతకము పెట్టువారు దీనిని గమనింతురు గాక.

పటమునకును ఒక లోపము గలదు. పవర్ క్వెరీ యను సాధనము ప్రతి నిలువు వరుసలో నూటికి ఎన్ని సరియైనవో, ఎన్ని తప్పులో, ఎన్ని ఖాళీలో చూపును. కాని మనము మార్చనిదే అది మొదటి వేయి వరుసలనే లెక్కించును. జాబితా గ్రామవారీగా నున్నచో చివరి శివారు పల్లెవారి తప్పులు ఆ వేయిలోనికి రానేరావు. అడుగున నొక్కి మొత్తము వరుసలన్నియు లెక్కింపుమని చెప్పినచో చాలును. కొంచెము ఆలస్యమగును, అంతియే.

ఇదంతయు జాప్యమని కార్యదర్శు లందురు. ఋణముల వివరములు పదుగురికి తెలియరాదనియు నందురు. రెండవది న్యాయమైన మాట. కావున పేరులేని పటములను సంఘ కార్యాలయపు గోడకు అంటింపవలయును. పట్టికలో ఎవరి వరుసను వారికే చూపవలయును. అభ్యంతరము చెప్పుకొనుటకు పదునైదు దినముల గడువిచ్చి, ఆ పిమ్మటనే లెక్కను ఎక్కింపవలయును. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ మేరకు తీర్మానము పెట్టుటకు సభ్యు లొకరిద్దరు ముందుకు రావలయునని కోరుచున్నాను.