సవాల్ అడిగితే గుస్తాఖీయా?

మా ఇళ్ళల్లో సవాల్ అంటే ప్రశ్న. అదే మాట తెలుగులో సవాలయ్యేసరికి కయ్యానికి కాలుదువ్వడమైంది. మన క్లాసురూముల హాలత్ అంతా ఈ తేడాలోనే ఉంది. పిల్లాడు "ఎందుకు సార్?" అంటే సవాల్ అడిగాడనుకోరు, విసిరాడనుకుంటారు. నోర్మూసుకుని కూర్చోమంటారు.

సైన్సు సామాను అల్మారాలో, తాళం హెడ్మాస్టరు జేబులో. అయస్కాంతం మీద జవాబులన్నీ రట్టా కొట్టిన బిడ్డ దాన్ని ఒక్కసారైనా చేత్తో పట్టుకుని ఉండదు. దీన్ని తాలీమ్ అంటారా?

పైసల్లేవంటారు. బహానా! మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడుల్లో మొదలుపెట్టారు. అక్కడే అరవింద్ గుప్తా అగ్గిపుల్లలతో, సైకిల్ వాల్వ్‌ట్యూబ్ ముక్కలతో ఆకారాలు కట్టి చూపించాడు. ఎంత ఖర్చు జనాబ్? పిల్లలు చేసి చూసి సొంత మాటల్లో రాసేవాళ్ళు. పరీక్షకి పుస్తకం తెచ్చుకునేవాళ్ళు. సవాలీరామ్ అనే ఖయాలీ మనిషికి ఉత్తరాలు రాసి అడిగేవాళ్ళు (పేరు చూడండి, ఎంత బాగుందో!). ముప్పయ్యేళ్ళు నడిచింది. 2002లో సర్కారే బంద్ పెట్టింది.

మా ఖౌమ్ పెద్దలకూ ఒక మాట. జల్సాల్లో ఇబ్నె హైథమ్ పేరు ఫఖర్‌గా చెప్తారు. ఆయన చేసిందేమిటి? కంట్లోంచే కిరణాలు బయల్దేరతాయన్న యూనానీ ఉస్తాదుల మాట ఒప్పుకోలేదు. చీకటి గదికి చిల్లు, బయట వరసగా దీపాలు. ఒకదాన్ని కప్పితే గోడమీద దాని వెలుగొక్కటే మాయం. పెద్దల మాటని అలా పరఖాయించాడు. ఆయన పేరు రట్టా కొట్టించే బదులు పిల్లల చేతికి అట్టపెట్టె, గుండుసూది, నూనె కాగితం ఇవ్వండి. బొమ్మ తలకిందులుగా ఎందుకు పడిందని వాళ్ళే అడుగుతారు. వెంటనే జవాబ్ చెప్పేయకండి, పక్కనే రెండో చిల్లు పొడిచి చూడమనండి.