ఫతే మైదాన్‌లో మళ్లీ ఆట మొదలవ్వాలి!

అబిడ్స్, బషీర్‌బాగ్, నాంపల్లి, కోఠి, గోషామహల్, హిమాయత్‌నగర్ వాసులారా! దుకాణదారులారా! ఆటగాళ్లారా, వాళ్లని కన్న అమ్మానాన్నలారా!

మన ఊరి నడిబొడ్డున పాతిక వేల మంది కూర్చుని ఆట చూడగలిగే స్టేడియం ఉంది. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. పెద్దవాళ్ల నోట మాత్రం ఇప్పటికీ అది ఫతే మైదానే. గ్యాలరీలు ఉన్నాయి, ఫ్లడ్‌లైట్ల స్తంభాలు ఉన్నాయి, నడిచి వెళ్లేంత దూరంలో అసెంబ్లీ, నాంపల్లి మెట్రో స్టేషన్లు ఉన్నాయి. టికెట్ కొనుక్కుని పిల్లల్ని వెంటబెట్టుకెళ్లి చూసే ఆట ఒక్కటే కరువైంది. రాత్రి తొమ్మిదిన్నర దాటాక బషీర్‌బాగ్ చౌరస్తా నుంచి అబిడ్స్ జీపీవో దాకా నడిచి చూడండి. షట్టర్లు దించేసి ఉంటాయి. ఫుట్‌పాత్ మీద మనుషులు పల్చబడతారు. ఒకప్పుడు హైదరాబాద్ అంతా షాపింగుకీ సినిమాకీ వచ్చిన దారి ఇది.

ఈ మైదానంలో ఏం జరిగిందో ఈ తరం పిల్లలకి చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు. 1955 నవంబరులో న్యూజిలాండ్ మీద పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేసింది ఇక్కడే. టెస్టుల్లో భారత ఆటగాడు కొట్టిన మొట్టమొదటి డబుల్ సెంచరీ అది. 1987 మార్చిలో పాకిస్తాన్‌తో వన్డేలో స్కోర్లు సమానమైతే, తక్కువ వికెట్లు పోగొట్టుకున్నందుకు మన జట్టు గెలిచింది ఇక్కడే. 1999 నవంబరు 8న సచిన్ 186 నాటౌట్, ద్రావిడ్ 153. ఇద్దరూ కలిసి 331 పరుగులు జోడించారు. ఆ రోజు గ్యాలరీల్లో ఉన్నవాళ్లు మీ వీధిలోనే ఉంటారు, అడగండి.

ఫుట్‌బాల్ సంగతి చెబితే ఇంకా కడుపు మండుతుంది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు తెచ్చింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి చేర్చారు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెప్పించారు. మన అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఆడాడు. అంత మందిని కన్న ఊరిది.

అలాంటి ఊరి నడిమధ్య నుంచి ఆటలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. 2003లో ఇక్కడ ఆఖరి వన్డే జరిగింది. 2005 నవంబరు నుంచి అంతర్జాతీయ క్రికెట్ ఉప్పల్‌లోనే. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో స్టేడియం కట్టారు, పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్‌లు అటు పోయాయి. 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా గచ్చిబౌలిలోనే ఆడింది, 2022లో ఐఎస్ఎల్ కప్పు గెలిచింది, 2025లో ఏకంగా ఢిల్లీకి తరలిపోయింది. ఐ-లీగ్‌లో ఆడిన శ్రీనిధి డెక్కన్ సొంత మైదానం ఔటర్ రింగ్ రోడ్డు అవతల అజీజ్‌నగర్‌లో ఉంది. 2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ చివరి దశ మన ఊరికే వచ్చింది. గ్రూపు మ్యాచ్‌లు అజీజ్‌నగర్‌లో, ఫైనల్ గచ్చిబౌలిలో! రహీమ్ సాబ్ ఊళ్లో జరిగిన ఆ పండుగ ఈ చుట్టుపక్కల వీధులకి తెలియనే లేదు.

ఇప్పుడు గోషామహల్ పోలీస్ మైదానం కూడా పోతోంది. అక్కడ కొత్త ఉస్మానియా ఆస్పత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. ఆస్పత్రి రావాల్సిందే, పేదవాడి ప్రాణం కంటే ఆట ఎక్కువ కాదు. అయితే ఒక మైదానం పోయినచోట మిగిలిన మైదానానికి పని రెట్టింపవుతుంది. ఆ మాట ప్రభుత్వానికి మనమే గుర్తు చేయాలి.

మేం ఉప్పల్‌తో పోటీకి రావడం లేదు. టెస్టులు, ఐపీఎల్ అక్కడే జరగనివ్వండి. మేం అడిగేది చిన్న ఆటలు. రంజీ ట్రోఫీ సీజన్‌లో రెండు మ్యాచ్‌లు. నగర ఫుట్‌బాల్ లీగ్. రెండో శ్రేణి ఫుట్‌బాల్ జట్లకి కొన్ని సాయంత్రాలు. అమ్మాయిల లీగ్‌లు. స్కూళ్ల, కాలేజీల ఫైనల్స్. నడిబొడ్డుకి బలం వచ్చేది వీటితోనే. పెద్ద మ్యాచ్ ఏడాదికి ఏడెనిమిది రోజులు వస్తుంది. ఆ రోజు రోడ్లు మూస్తారు, బారికేడ్లు పెడతారు, చుట్టుపక్కల కొట్లకి గిరాకీ రాకపోగా ఉన్న బేరం పోతుంది. చిన్న మ్యాచ్‌కి మూడు నాలుగు వేల మంది వస్తారు. బస్సులో వస్తారు, మెట్రోలో వస్తారు, నడిచొస్తారు. దారిలో ఇరానీ చాయ్ తాగుతారు, సమోసాలు తింటారు, పిల్లాడికి బూట్లో బ్యాటో కొంటారు. అలాంటి సాయంత్రాలు ఏడాదికి అరవై వస్తే స్టేడియం గోడ వెంట ఉన్న దుకాణాలకీ, అబిడ్స్ హోటళ్లకీ, నాంపల్లి ఆటోవాళ్లకీ పని దొరుకుతుంది.

మల్లేపల్లి కుర్రాడి సంగతే తీసుకోండి. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే గల్లీలవి. అజీజ్‌నగర్‌లో సాయంత్రం మ్యాచ్ చూడాలంటే వాడు ముందు మెహదీపట్నం చేరాలి, అక్కడ మొయినాబాద్ వైపు వెళ్లే బస్సు పట్టుకోవాలి, దిగి నడవాలి. ఆట అయ్యేసరికి చీకటి. తిరుగు బస్సు కోసం హైవే పక్కన నిలబడాలి. వాళ్లమ్మ పంపిస్తుందా? వాడి చెల్లెలిని అసలే పంపదు. అదే ఆట ఫతే మైదాన్‌లో అయితే అన్నాచెల్లెళ్లిద్దరూ నడిచొచ్చి, చూసి, తొమ్మిదిన్నరకల్లా ఇంట్లో ఉంటారు. ఆటగాడు తయారయ్యేది అలా చూసీ చూసీనే.

జనం రారని అంటారా? ఏటా జనవరిలో నుమాయిష్ చూడండి. 1938 నుంచీ నడుస్తున్న ఎగ్జిబిషన్. నలభై ఆరు రోజులు ఊరంతా నాంపల్లిలోనే ఉంటుంది, ఆ రద్దీ కోసం మెట్రో రైళ్ల వేళలు పొడిగిస్తారు. మొజంజాహీ మార్కెట్‌ని బాగుచేసి 2020లో తిరిగి తెరిచాక ఆ రాతి గోపురం కింద సాయంత్రాలు ఎలా ఉంటున్నాయో కళ్లారా చూస్తున్నాం. పిలిస్తే జనం వస్తారు. పిలవాల్సిన చోట ఆటకే తాళం వేసి ఉంది.

ఆటని ఊరి నడిబొడ్డు నుంచి బయటికి పంపిన తప్పు మనం ఒక్కళ్లమే చేయలేదు. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలో నాక్స్‌విల్ అనే ఊరుంది. అక్కడి చిన్న లీగ్ బేస్‌బాల్ జట్టు స్మోకీస్, 1999 సీజన్ ముగిశాక ఊరి నడిబొడ్డు వదిలి, పక్క కౌంటీలో హైవే పక్కన కోడక్ అనే చోట కట్టిన కొత్త స్టేడియానికి వెళ్లిపోయింది. పార్కింగ్ బోలెడు, కార్లలో వచ్చేవాళ్లకి సుఖం. ఊరికి మాత్రం ఆ సాయంత్రాలు పోయాయి. పాతికేళ్ల తర్వాత, 2025లో, జట్టుని ఊళ్లోకి తిరిగి తెచ్చుకున్నారు. దాని కోసం పది కోట్ల డాలర్లు దాటిన ఖర్చుతో నడిబొడ్డున కొత్త స్టేడియం కట్టుకోవాల్సి వచ్చింది. ఆ స్థాయి జట్టు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా దాదాపు డెబ్భై మ్యాచ్‌లు సొంత ఊళ్లో ఆడుతుంది. డెబ్భై సాయంత్రాల పాటు ఊళ్లో మనుషులు తిరుగుతారు. అంత డబ్బు పోసి వాళ్లు మళ్లీ కొనుక్కున్నది అదే. మనకి ఆ ఖర్చు లేదు. మన స్టేడియం నిలబడే ఉంది.

అయితే దాన్ని ఇప్పుడు దేనికి వాడుతున్నారు? ప్రమాణ స్వీకారాలకి, నియామక పత్రాల పంపిణీకి, పండుగ విందులకి. 2023 డిసెంబరు 7న ముఖ్యమంత్రి ప్రమాణం చేసింది ఇక్కడే. అంతకుముందు ప్రభుత్వాలూ ఇదే చేశాయి, ఏ ఒక్క పార్టీనో వేలెత్తి చూపడం లేదు. కానీ వేదిక కోసం గుంజలు దిగేసిన చోట, లారీలు తిరిగిన చోట, వేల కుర్చీలు వేసిన చోట గడ్డి చచ్చిపోతుంది. మర్నాడు ఉదయం స్పైక్స్ వేసుకుని వచ్చిన పిల్లలు గుంతలు చూసుకుంటూ పరుగెత్తాలి. సభ పెట్టుకోవడానికి హైదరాబాద్‌లో ఖాళీ జాగాలు చాలా ఉన్నాయి. నడిబొడ్డున గ్యాలరీల మధ్య పిచ్ వేసిన చోటు ఒక్కటే.

కాబట్టి మా డిమాండ్లు ఇవి. ఫతే మైదాన్‌లో సభలూ విందులూ ఆపేస్తూ ప్రభుత్వం జీవో ఇవ్వాలి. క్రీడా ప్రాధికార సంస్థ, క్రికెట్, ఫుట్‌బాల్ సంఘాలు ఒకచోట కూర్చుని ఏడాది ఆటల పట్టిక తయారుచేసి గేటు దగ్గర అంటించాలి. టికెట్ యాభై రూపాయలు దాటకూడదు, స్కూలు పిల్లలకి ఉచితం. మెట్రో స్టేషన్ల నుంచి గేటు దాకా ఫుట్‌పాత్ బాగుచేసి లైట్లు వేయాలి. ఆడవాళ్లకి శుభ్రమైన మరుగుదొడ్లు ఉండాలి. ఈ ఆఖరిది చిన్న విషయం అనుకోవద్దు. చాలా కుటుంబాలు స్టేడియానికి రాకపోవడానికి అదీ ఒక కారణం.

వచ్చే ఆదివారం ఉదయం 7 గంటలకు స్టేడియం గేటు ముందు కలుద్దాం. పిల్లల్ని తీసుకురండి, బంతీ బ్యాటూ తెచ్చుకోండి. సంతకాల పుస్తకం అక్కడే ఉంటుంది. అబిడ్స్‌లో పాత పుస్తకాల కోసం వచ్చేవాళ్లు ఐదు నిమిషాలు ఇటు వచ్చి సంతకం పెట్టి వెళ్లండి. దుకాణదారులు ఈ కరపత్రాన్ని మీ కౌంటర్ దగ్గర అంటించండి. మీ ఎమ్మెల్యే ఎప్పుడు ఎదురుపడినా ఒకే ప్రశ్న అడగండి: ఫతే మైదాన్‌లో మొదటి మ్యాచ్ ఎప్పుడు? తేదీ చెప్పేదాకా అడుగుతూనే ఉండండి.

— ఫతే మైదాన్ ఆటగాళ్లు, అభిమానులు, చుట్టుపక్కల దుకాణదారులు
(చదివాక పారేయకుండా పక్కవారికి ఇవ్వండి)