బల్బు మార్చాం, మరి మోటారు?

ఇంట్లో పాత 60 వాట్ల బల్బు తీసేసి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టుకున్నవారిలో మీరూ ఒకరై ఉంటారు. 2015లో మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఇటువంటి బల్బులను చవక ధరకు అందించారు. రోజుకు 5 గంటలు వెలిగే బల్బును మారిస్తే ఎంత మిగులుతుందో లెక్క కట్టండి. 51 వాట్లను 5 గంటలతో గుణిస్తే 255 వాట్ అవర్లు, అంటే ఇంచుమించు పావు యూనిట్.

ఈ పావు యూనిట్‌కూ మనం పీల్చే గాలికీ సంబంధం ఉంది. మన విద్యుత్తులో అధికభాగం రామగుండం, కొత్తగూడెం వంటి థర్మల్ కేంద్రాలలో బొగ్గు మండించగా వచ్చేదే. అక్కడ ఒక యూనిట్ తయారయ్యేసరికి సుమారు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. భూమి వేడెక్కడానికి ముఖ్య కారణం ఆ వాయువే.

ఇప్పుడు పొలానికి వెళ్దాం. 5 హార్స్‌పవర్ మోటారు ఒక గంట నడిస్తే 4 యూనిట్లకు పైగా ఖర్చవుతుంది. మీ బల్బు 16 రోజులు కూడబెట్టినది ఆ ఒక్క గంటలో పోతుందన్నమాట! పైరుకు నీరు కావాలంటే మోటారు నడవవలసిందే. మడి నిండిన తరువాత కూడా నడుస్తుంటేనే చిక్కు.

రైతును నిందించడం తేలిక. కానీ కరెంటు ఏ అర్ధరాత్రి వస్తుందో తెలియని రోజుల్లో, పాముల భయంతో చీకట్లో చేనికి వెళ్ళలేక అతడు ఆటో స్టార్టరు బిగించుకున్నాడు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత సరఫరా ఇచ్చినప్పుడు, ఆ స్టార్టర్లు తీసివేయమని ప్రభుత్వమే కోరవలసి వచ్చింది.

ఉచిత విద్యుత్తు ఎత్తివేస్తే సరిపోతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. కాలువ కింది రైతుకు నీరు దానంతట అదే పారి వస్తుంది. బోరు కింది రైతు పాతాళం నుంచి తోడుకోవాలి. అతడికి సాయం ఉండవలసిందే. లోపమల్లా ఒక్కటే: మంచి మోటారు కొనే ఖర్చు రైతుది, మిగిలిన కరెంటు లాభం మాత్రం విద్యుత్ సంస్థది. ఇలాగైతే ఎవరు కొంటారు, మీరే చెప్పండి?

పంజాబ్‌లో 2018లో ఒక పథకం తెచ్చారు. చేరిన రైతుకు నెలకు ఇన్ని యూనిట్లని కేటాయించి, వాడకుండా మిగిల్చిన ప్రతి యూనిట్‌కు 4 రూపాయలు ఇస్తామన్నారు. నాకు ఈ దారి నచ్చింది. సౌర పంపుల విషయంలోనూ ఇదే ఆలోచన అవసరం. సౌర పంపుకు పొగ లేదు, నిజమే. అయితే ఎండ కూడా ఉచితమే కదా! మిగిలిన కరెంటును అమ్ముకునే వీలు లేకపోతే, ఆ పంపు కూడా బోరు ఎండేదాకా తోడుతూనే ఉంటుంది.

ఈ వారం మీ ఊళ్ళో ఒక మోటారు దగ్గరకు వెళ్ళి, దాని మీది రేకు చూసి హార్స్‌పవర్ రాసుకోండి. నిన్న అది ఎన్ని గంటలు నడిచిందో, అందులో పైరుకు నిజంగా కావలసినవి ఎన్నో ఆ రైతునే అడగండి.