సంఘం షాట్

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్‌బీ నగర్ వఱకు మెట్రో స్తంభముల నీడన నడచిపోవువారికి ఇరుప్రక్కల మేడలనిండ వ్రేలాడు కోచింగ్ కేంద్రముల బోర్డులును, వానిపై నవ్వుచున్న విజేతల ముఖములును కనబడును. కాని నల్లగొండ నుండియు నాగర్‌కర్నూలు నుండియు వచ్చి, హాస్టలు గదులలో నలుగురైదుగురుగా ఒదిగియుండి, నోటిఫికేషన్ కొఱకు ఏండ్ల తరబడి ఎదురుచూచు యువకుల ముఖములు ఆ బోర్డులపై నెన్నడును ఉండవు. మొన్న చైతన్యపురిలో ఒక జిరాక్స్ దుకాణమునొద్ద, పాత ప్రశ్నపత్రముల కట్టను చంకనిడుకొని నిలిచిన కుఱ్ఱవాడు నాతో, "సార్, మా ఊర్ల అందరు ఇంకా రాలేదా అనే అడుగుతరు. ఇక్కడ నేను ఎట్ల బతుకుతున్ననో ఎవ్వరు అడగరు" అనెను. ఆ మాట నన్నింకను వదలలేదు.

యువతకు అవకాశము కల్పింపవలెనని అందఱును అందురు. తన కథను తానే చెప్పుకొను అధికారము లేని అవకాశము సగము అవకాశమే యని నా దృఢవిశ్వాసము. ఆఫ్రికాను గూర్చి పరులు వ్రాసిన కథలనే లోకము చదువుచున్న కాలమున, 1958లో చినువా అచేబే తన ఇగ్బో జనుల జీవితమును తానే నవలగా వ్రాసి ఆ ఖండపు యువతరమునకు గొంతు విప్పు ధైర్యము నొసగెను. అట్టి ధైర్యమునకు నిదర్శనము వెదకుటకు మనము సముద్రములు దాటనక్కఱలేదు. జహీరాబాద్ దాక పోయిన చాలును.

దూరదర్శన్‌లో పనిచేసిన పి.వి. సతీష్ సహచరులతో కలిసి 1983లో స్థాపించిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, పస్తాపూర్ పరిసరములయందలి పేద దళిత స్త్రీలను సంఘములుగా కూర్చి, బీడుపడిన చెలకలలో జొన్నలు, కొఱ్ఱలు, కందులు మరల పండింపజేసెను. అంతటితో ఆగినచో అదియొక మంచి సంక్షేమ కార్యము మాత్రమే అయియుండెడిది. అక్షరము రాని ఆ స్త్రీల చేతికి ఆయన కెమెరా నిచ్చెను. వారు దానిని నేర్చుకొన్న తీరు నాకు మిక్కిలి ప్రియమైనది: పైనుండి క్రిందికి చూచు చిత్రణము అరుగుపై కూర్చున్న దొర చూపు గావున దానికి "పటేలు షాట్" అనియు, క్రిందినుండి పైకి చూచునది జీతగాని చూపనియు, కన్నులకు సమానమైన ఎత్తున నిలిచినది, సంఘములో అందఱును ఒకే చాపపై కూర్చుందురు గనుక, "సంఘం షాట్" అనియు పేర్లు పెట్టుకొనిరి. తాము బ్రదికిన బ్రదుకునుండియే వారొక శాస్త్రపరిభాషను సృష్టించుకొనిరి. ఆ కెమెరాతోనే వరంగల్ బీటీ పత్తి రైతుల గోడును చిత్రించి, పిమ్మట దక్షిణాఫ్రికాకును మాలికిని పోయి అచ్చటి రైతుల మాటలను గ్రహించి వచ్చిరి.

ఆకాశతరంగములు ప్రజల ఆస్తియని 1995లో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు ధర్మాసనమునందలి న్యాయమూర్తి పి.బి. సావంత్ 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియోను ప్రారంభించిరి. దాని మైకు ముందు కూర్చున్నవారు జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అను ఇరువురు దళిత యువతులు; ఆ గొంతులలో జహీరాబాద్ యాస యథాతథముగా పలికెను, ఊరి విత్తనపు ముచ్చట్లును పండుగపాటలును ఊరికే తిరిగి వినబడెను. సతీష్ 2023 మార్చిలో కన్నుమూసిరి; ఆ గొంతులు మాత్రము ఆయన నెఱుగని ఇండ్లకును చేరియున్నవి.

మన పేటలో అట్టి మైకు ఏల లేదు? విద్యాసంస్థలకును, 2006 నుండి స్వచ్ఛంద సంస్థలకును సామాజిక రేడియో లైసెన్సు పొందు వీలు కలదు. సరూర్‌నగర్‌నుండి వనస్థలిపురము వఱకు గల కళాశాలలలో ఒక్కటి పూనుకొనిన చాలును. గది యొకటి, యంత్రము లొకకొన్ని, ఓపికగల ఇరువురు శిక్షకులు ఉన్నచో, పరీక్ష తప్పినవాడు తాను తప్పిన తీరును, హాస్టలులో వండిపెట్టు అమ్మ తన పొయ్యి ముచ్చటను, రాత్రి వేళ ఆటో నడుపుచు పగలు చదువుకొనువాడు తన లెక్కలను, ఎవరి యాసలో వారు చెప్పుకొనగలరు. నిర్వాహకులు మాత్రము విజేతలకే మైకు నీయరాదు. ఇచ్చినచో అదియును గోడమీది బోర్డే అగును.

జిరాక్స్ దుకాణమునొద్ద ఆ కుఱ్ఱవానిని, నీకు పది నిమిషములు మైకు ఇచ్చినచో ఏమి చెప్పుదువని నే నడిగితిని. వాడు కట్టను ఈ చంకనుండి ఆ చంకకు మార్చుకొని, కొంతసేపు మెట్రో స్తంభమువైపు చూచి, "ముందుగాల మా అవ్వ పేరు చెప్త సార్" అనెను.