రెండో గొంతు

ప్రొఫెసర్లుగా, డాక్టర్లుగా, బ్యాంకు అధికారులుగా పనిచేసి రిటైరైనవాళ్లు పోలీసులమంటూ ఫోన్లో బెదిరించే ‘డిజిటల్ అరెస్టు’ ఉచ్చులో చిక్కి జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్నారన్న వార్త వచ్చిన ప్రతిసారీ ఒకే మాట వినబడుతుంది. అంత చదువుకుని ఎలా నమ్మారు? ఇరుగుపొరుగూ అదే అంటారు, కన్నబిడ్డలూ అదే అంటారు. పోయిన డబ్బుకంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంటుంది. అధికారం ముందు తలొంచేది తెలివి తక్కువవాళ్లేనని, మనమైతే అలా చెయ్యమని ఆ ప్రశ్న వెనక ఒక ధీమా ఉంది. మనస్తత్వ శాస్త్రం అరవయ్యేళ్లుగా చెబుతున్నది వేరు.

1961 ఆగస్టులో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే యువ అధ్యాపకుడు ఒక ప్రయోగం మొదలుపెట్టారు. నాజీ అధికారి ఐక్‌మన్‌ను జెరూసలెంలో విచారించింది ఆ ఏడాదే. పైవాళ్ల ఆజ్ఞలు పాటించానంతే అన్నది ఐక్‌మన్ వాదన. మామూలు మనుషులు ఆజ్ఞ వింటూ ఎంతదూరం పోతారో చూడాలనుకున్నారు మిల్‌గ్రామ్. పత్రికలో ప్రకటన చూసి వచ్చినవాళ్లకు ఇది జ్ఞాపకశక్తి మీద పరిశోధన అని చెప్పారు. పక్కగదిలోని మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా మీట నొక్కి కరెంటు షాకు ఇవ్వాలి. మొత్తం 30 మీటలు. మొదటిది 15 వోల్టులు, చివరిది 450. నిజానికి షాకు లేదు, పక్కగది మనిషిది నటన. మీట నొక్కేవాళ్లకు ఆ సంగతి తెలియదు. 300 వోల్టుల దగ్గర అవతలి మనిషి గోడ బాదుతాడు. ఆ తర్వాత కాసేపటికి ఏ చప్పుడూ ఉండదు. ‘దయచేసి కొనసాగించండి’ అంటాడు బూడిదరంగు కోటు వేసుకున్న పర్యవేక్షకుడు. 40 మందిలో 26 మంది చివరి మీట దాకా వెళ్లారు.

వాళ్లు క్రూరులు కారు. చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, పెదాలు కొరుక్కున్నారు, కొందరికి ఆపుకోలేని నవ్వు తన్నుకొచ్చింది. అయినా నొక్కారు. మనుషులను అలా మభ్యపెట్టి క్షోభపెట్టడం తప్పని అప్పట్లోనే గట్టి విమర్శ వచ్చింది, అది న్యాయమైన విమర్శే. కానీ అక్కడ బయటపడిన నిజాన్ని పక్కన పెట్టలేం. ఎదుటివాడి అధికారాన్ని ఒప్పుకున్న క్షణం నుంచి మనిషి తన చేతల బరువును అతని మీదికి నెట్టేస్తాడని మిల్‌గ్రామ్ అన్నారు. చెయ్యి నాదే, నిర్ణయం నాది కాదు అనుకుంటాడు. దానికి తోడు ప్రతి మీటా కిందటి దానికంటే 15 వోల్టులే ఎక్కువ. 150 నొక్కినవాడు 165 దగ్గర ఆగితే, ఇంతవరకూ చేసింది తప్పేనని తనకు తాను ఒప్పుకోవాలి. ముందుకు పోవడమే సులువు.

జెర్రీ బర్గర్ అనే పరిశోధకుడు మిల్‌గ్రామ్ పద్ధతిలోనే మళ్లీ చేసి 2009లో ప్రచురించిన ప్రయోగం మరో విశేషం చూపింది. ‘మీకు వేరే దారి లేదు, కొనసాగించాల్సిందే’ అని గద్దించినప్పుడు ఒక్కరు కూడా ముందుకు పోలేదు. అధికారపు దర్పానికి జనం లొంగడం లేదు, అది చూపించే మంచి ఆశయానికి తోడ్పడుతున్నామన్న నమ్మకంతో లొంగుతున్నారు అని ఈ మధ్యకాలపు పరిశోధకులు కొందరు వాదిస్తున్నారు. ఆ వాదనే నిజానికి దగ్గరగా ఉందనిపిస్తుంది.

ఇప్పుడు మన ఇళ్లకు వచ్చే ఆ ఫోనును చూడండి. మీ పేరున వచ్చిన పార్సిల్‌లో మత్తుమందు దొరికిందంటారు. తర్వాత ఆధార్ నంబరు అడుగుతారు. తర్వాత వీడియో కాల్, అందులో యూనిఫాం, వెనక గోడ మీద జాతీయ చిహ్నం. తర్వాత వాంగ్మూలం. చివరికి డబ్బు, అదీ ‘పరిశీలన’ కోసమే, తిరిగి ఇచ్చేస్తామన్న హామీతో. మెట్టు మీద మెట్టు. గద్దింపు ఉన్నా దాని మధ్యలో ఒక మెత్తని గొంతు కూడా ఉంటుంది. మీరు మంచివారని మాకు తెలుసు, దర్యాప్తుకు సహకరిస్తే చాలు, నిర్దోషిత్వం తేలిపోతుంది అంటుంది. పెద్దల మాట చద్దిమూట అని విని పెరిగి, పోలీసు స్టేషన్ గడప తొక్కకుండా బతికామని గర్వంగా చెప్పుకునే మనిషికి అంతకంటే కావలసినదేముంది? ఆయన నిజాయితీయే అక్కడ మోసగాళ్ల చేతిలో ఆయుధమవుతోంది.

వాళ్లు పెట్టే షరతు మరొకటుంది. గది తలుపు వేసుకోండి, ఈ విషయం ఎవరికీ చెప్పొద్దు, భార్యకు కూడా. మొత్తం మోసంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మిల్‌గ్రామ్ తన ప్రయోగాన్ని ఎన్నో రకాలుగా మార్చి చూశారు. ఒకదానిలో మీట దగ్గర మరో ఇద్దరిని కూర్చోబెట్టి, మధ్యలో వాళ్లు ‘ఇక మేం చెయ్యం’ అని లేచిపోయేలా ఏర్పాటు చేశారు. అంతే, 40 మందిలో చివరిదాకా వెళ్లినవాళ్ల సంఖ్య నాలుగుకు పడిపోయింది. ఇంకోదానిలో ఇద్దరు పర్యవేక్షకులుంటే ఒకరు ఆపమన్నారు, ఒకరు కొనసాగించమన్నారు. అక్కడ చివరి మీట దాకా పోయినవాళ్లు ఒక్కరూ లేరు. అవే ఆజ్ఞలు, అలాంటి మామూలు మనుషులే. వాళ్లకు పక్కన మరో గొంతు వినబడింది, తేడా అంతా అక్కడే వచ్చింది.

ఆసుపత్రుల్లోనూ ఇదే కనిపించింది. 1966లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో, ముఖపరిచయం లేని డాక్టరు ఫోన్లో ఒక మందును సీసా మీద రాసిన గరిష్ఠ మోతాదుకు రెట్టింపు ఇమ్మంటే, 22 మంది నర్సుల్లో 21 మంది ఇవ్వబోయారు. ఒక్కొక్కరూ వార్డులో ఒంటరిగా ఉన్నారు, మందు వాళ్లకు కొత్తది. 1977లో అలాంటి పరీక్షే మళ్లీ జరిగింది. ఈసారి మందు వాళ్లు ఎరిగినదే, తోటివాళ్లను అడిగి తెలుసుకునే వీలూ ఉంది. 18 మందిలో ఇద్దరే సిద్ధపడ్డారు. 

చట్టంలో డిజిటల్ అరెస్టు అన్నదే లేదని 2024 అక్టోబరులో ప్రధాని తన ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో స్వయంగా చెప్పారు. ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది. ఈ సమాచారం అందరికీ చేరాల్సిందే. అయితే తలుపు మూసుకున్న గదిలో, ఎదురుగా యూనిఫాం కనిపిస్తున్నప్పుడు, తెలిసినది గుర్తుకు రావడం కష్టం. ఆ తలుపు తట్టే మనిషి కావాలి. ఊళ్లో ఒంటరిగా ఉంటున్న తల్లిదండ్రులకు హైదరాబాద్ నుంచో డాలస్ నుంచో ఫోన్ చేసే పిల్లలు జాగ్రత్తలు చెప్పడంతో ఆగకూడదు. ఏ గొడవ వచ్చినా ముందు మాకు చెప్పండి, తిట్టం అని మాట ఇవ్వాలి. ‘తిట్టం’ అన్న మాటను ఇప్పుడే, ఏ ఆపదా రాకముందే ఇవ్వాలి.

డబ్బు బదిలీ కోసం ఆ పెద్దలు చాలాసార్లు బ్యాంకుకు వస్తారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువుకు ముందే రద్దు చేయమని కంగారుపడుతున్న వృద్ధులను గమనించి, నాలుగు ప్రశ్నలడిగి ఆపిన బ్యాంకు ఉద్యోగుల గురించి హైదరాబాద్ సహా పలుచోట్ల నుంచి వార్తలొచ్చాయి. అలా అడగడాన్ని ఆ ఉద్యోగి మంచితనానికి వదిలేయకూడదు. పెద్ద వయసువాళ్లు పెద్ద మొత్తాన్ని మునుపెన్నడూ పంపని ఖాతాకు పంపమన్నప్పుడు ఒక పూట ఆపి, వాళ్లు ముందే పేరిచ్చిన ఆప్తుడికి కబురు చేయడం నిబంధన కావాలి. ఆలస్యానికి విసుక్కునే ఖాతాదారులు ఉంటారు. ఆ విసుగును బ్యాంకులు భరించవచ్చు.